మే నెలలో మన్యం దారి: మూడు రాత్రుల కారు ప్రయాణంలో ఏది ఉంచాలి, ఏది కొట్టేయాలి

మీరు అడిగినదాన్ని ముందు ఒకసారి చెప్పుకుందాం, మిగతా వారికీ ఉపయోగపడుతుంది. రాజమహేంద్రవరం నుంచి మే రెండో వారంలో బయలుదేరతారు. చిన్న కారు. మీరు, మీ ఆవిడ, ఎనిమిదేళ్ళ బాబు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారు. మూడు రాత్రులు. నగరాల జోలికి పోకుండా కొండలు, అడవులు చూడాలి. మీ జాబితాలో పాపికొండల లాంచీ, మారేడుమిల్లి, గుడిస, లంబసింగి, వంజంగి, అరకు, బొర్రా గుహలు ఉన్నాయి. చివర 'వీలైతే విశాఖ బీచ్' అని కూడా రాశారు. బాబుకు ఘాట్ రోడ్డు ఎక్కితే వాంతులవుతాయి.

జాబితాలో సగం కొట్టేయండి. ఈ ఊళ్ళు బాగుండవని కాదు. మీరు చూసిన ఫొటోలన్నీ నవంబరు నుంచి జనవరి మధ్య తీసినవి. వేసవిలో ఇదే మన్యానికి వేరే ముఖం ఉంటుంది. ఆ ముఖం కూడా అందమైనదే, కాకపోతే పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు దాటాక మాత్రమే కనిపిస్తుంది. అందుకే వేసవి ప్రయాణానికి ఊళ్ళ జాబితా వేసుకుంటే లాభం లేదు, గంటల లెక్క వేసుకోవాలి. ఏ గంటకు ఎంత ఎత్తులో ఉంటామన్నది తేలితే మిగతాదంతా దానంతట అదే కుదురుతుంది.

ఎత్తు సంగతి చెబుతాను. వెయ్యి మీటర్లు పైకి వెళితే గాలి సుమారు ఆరు డిగ్రీలు చల్లబడుతుంది. లంబసింగి వెయ్యి మీటర్ల దరిదాపుల్లో, అరకు, పాడేరు తొమ్మిది వందల మీటర్ల దరిదాపుల్లో ఉంటాయి. కింద గోదావరి గట్టున 43, 44 డిగ్రీలు కాస్తుంటే పైన మధ్యాహ్నం 37, 38 ఉంటుందన్నమాట. అది ఊటీ కాదు. స్వెట్టర్లు సర్దుకుని వెళ్ళి 'మోసపోయాం' అనుకునేవారిని ప్రతి వేసవిలోనూ చూస్తుంటాను. అసలు తేడా రాత్రి తెలుస్తుంది. ఏసీ లేకుండా, కిటికీ తెరుచుకుని, తెల్లవారుజామున దుప్పటి లాక్కుని పడుకోవచ్చు. మేలో మైదానం నుంచి వెళ్ళేవారికి ఇంతకన్నా ఏం కావాలి?

మారేడుమిల్లికి ఆ ఎత్తు లేదు. అక్కడున్నది నీడ మాత్రమే. అడవి దట్టం కాబట్టి ఎండ తగలదు, కానీ ఉక్క పోదు. మే మధ్యాహ్నం అక్కడ గదిలో కూర్చుంటే ఫ్యాను గాలి వేడిగానే వస్తుంది. పైగా మారేడుమిల్లిని, అరకును ఒకే యాత్రలో కలిపితే మీ మూడు రోజులూ స్టీరింగు పట్టుకోవడంలోనే అయిపోతాయి. అవి రెండు వేర్వేరు యాత్రలు. మారేడుమిల్లిని సెప్టెంబరు, అక్టోబరుకు దాచుకోండి. వానలు వెనకబట్టి, జలతరంగిణి, అమృతధార జలపాతాలు నిండుగా దూకుతున్నప్పుడు రాజమహేంద్రవరం నుంచి ఒక రాత్రి చాలు, దూరం 85 కిలోమీటర్లే.

గుడిస అసలే వద్దు. పుల్లంగి మీదుగా పైకి వెళ్ళే ఆ దారి జీపులది. చిన్న కారు అడుగు రాళ్ళకు కొట్టుకుంటుంది. ఇక ఆ కొండ అందమంతా పచ్చిగడ్డి. మేలో అది ఎండి, గోధుమ రంగుకు తిరిగి, నిప్పురవ్వ పడితే అంటుకునేలా ఉంటుంది. పాపికొండలు గోదావరి మీద ఎండలో రోజంతా పడవ ప్రయాణం. అమ్మగారితో మేలో ఆ పని పెట్టుకోకండి. వంజంగిలో మేఘాల సముద్రం చలికాలపు సంగతి. వేసవిలో ముందురోజు రాత్రి గట్టి వాన పడితే లోయలో మంచు తేలే అవకాశముంది, లేదంటే మామూలు కొండ. పైగా చివర నడిచి ఎక్కాలి, అమ్మగారి మోకాళ్ళకు కుదరదు. బీచ్ సంగతి మీకే తెలుసు: నగరం వద్దంటూ నగరాన్నే జాబితాలో పెట్టారు.

ఇక మిగిలింది లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు, అనంతగిరి. ఇది ఒకే కొండవరుస మీద సాగే ఒకే దారి. ఒకసారి ఎక్కి, పైనే మూడు రాత్రులు ఉండి, ఒకేసారి దిగుతారు. ఎక్కే ఘాట్ ఒకటి, దిగే ఘాట్ ఒకటి. బాబు కడుపుకైనా, కారు బ్రేకులకైనా ఇదే మంచిది. మొదటి రెండు రాత్రులు లంబసింగి, చింతపల్లి ప్రాంతంలో ఒకేచోట దిగండి. మూడో రాత్రి అనంతగిరిలో. రోజుకొక గది మార్చి, రోజూ సామాను సర్దుకుంటే పెద్దవాళ్ళు అలసిపోతారు. ఆ మాట వాళ్ళు పైకి అనరు.

వెళ్ళే దారి. చాలామంది జాతీయ రహదారి మీద తుని దాకా పోయి, అక్కడి నుంచి నర్సీపట్నం చేరతారు. తొందరగా చేరాలంటే అదే. మీకు తొందర లేదు కాబట్టి యర్రవరం దగ్గర హైవే వదిలేసి ఏలేశ్వరం మీదుగా అడ్డతీగల, రాజవొమ్మంగి, కృష్ణదేవిపేట పట్టుకోండి. మన్యం అంచు వెంబడి పోయే దారి ఇది. ఒక పక్క కొండలు, మరో పక్క జీడిమామిడి తోటలు, మధ్యలో చిన్న చిన్న ఊళ్ళు. రోడ్డు ఇరుకే, ఎదురుగా బస్సు వస్తే ఒక చక్రం మట్టిలోకి దించాల్సి వస్తుంది. కానీ తెల్లవారుజామున వాహనాలు తక్కువ. నాలుగున్నర, అయిదింటికల్లా ఇల్లు కదిలితే పూర్తిగా తెల్లవారేసరికి ఏలేశ్వరం దాటేస్తారు, ఎండ ముదరకముందే కృష్ణదేవిపేటలో ఉంటారు.

ఈ దారికి ఒక కథ ఉంది. బాబుకు చెబితే మలుపుల మీద నుంచి ధ్యాస మళ్ళుతుంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడింది. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు, తుపాకులన్నీ పట్టుకుపోయారు. మీరు రాజవొమ్మంగి నుంచి చింతపల్లికి వెళ్తున్నారు, అంటే వాళ్ళు దిగివచ్చిన దారిలో ఎదురు నడుస్తున్నారన్నమాట. వాళ్ళు కాలినడకన తిరిగిన దూరాన్ని మీరు కారులో కొన్ని గంటల్లో దాటుతారు. పైగా ఈ కొండల్లో రోడ్లు వేయించేటప్పుడు గిరిజనుల చేత అతి తక్కువ కూలికి చాకిరీ చేయించడం ఆ తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం. గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ పేరు అందుకే చరిత్రలో మిగిలిపోయింది. కొయ్యూరు దగ్గర 1924 మే 7న రాజును కాల్చిచంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. దారి పక్కనే కాబట్టి అమ్మగారు కూడా దిగి చూడవచ్చు. అక్కడ అరగంట ఆగి, ఊళ్ళో ఇడ్లీలు తిని బయలుదేరండి.

కృష్ణదేవిపేట నుంచి నర్సీపట్నం, అక్కడి నుంచి లంబసింగి సుమారు 30 కిలోమీటర్లు. డౌనూరు దాటాక ఎక్కుడు మొదలవుతుంది. రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకుల మీదుగా విజయనగరం వెళ్ళే 516-ఇ జాతీయ రహదారి కూడా ఈ ప్రాంతం గుండానే పోతుంది. దాని విస్తరణ పనులు జరిగే చోట ఎర్రమట్టి, పక్కదారులు ఎదురవుతాయి. ఏ ముక్క బాగుందో, ఏ ముక్కలో తవ్వారో నెలనెలకూ మారుతుంది. బయలుదేరే ముందురోజు మీరు దిగబోయే చోటికి ఫోను చేసి 'కొయ్యూరు వైపు రావాలా, నర్సీపట్నం వైపు రావాలా' అని అడగండి. ఫోనులో మ్యాపు చూపించే దగ్గరి దారి కన్నా వాళ్ళు చెప్పే మాట నమ్మండి. ఆ మ్యాపు కూడా ముందే దించుకుని ఉంచుకోవాలి. ఘాట్‌లో సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది, కొన్నిచోట్ల గంటసేపు ఉండదు.

ఘాట్ గురించి నాలుగు మాటలు. మైదానంలో ఎంత బాగా నడిపేవారైనా ఇక్కడ రెండు తప్పులు చేస్తారు. దిగేటప్పుడు బ్రేకు మీద కాలుపెట్టి దిగుతారు. అలా చేస్తే పది మలుపులకే బ్రేకులు వేడెక్కి కాలిన వాసన వేస్తుంది, ఆ తర్వాత పట్టు సడలుతుంది. ఏ గేరులో ఎక్కుతారో అదే గేరులో దిగాలన్నది పాత డ్రైవర్ల సూత్రం. రెండో గేరులో ఇంజనే బండిని ఆపుతూ ఉంటుంది, బ్రేకు అవసరమైనప్పుడు మాత్రమే తాకాలి. రెండో తప్పు, ఎదురుగా ఎక్కివచ్చే బండికి దారి ఇవ్వకపోవడం. ఏటవాలు రోడ్డు మీద ఎక్కే బండికే ముందు హక్కు, నిబంధన కూడా అదే చెబుతుంది. మలుపు ముందు హారను కొట్టండి, కొట్టాక అవతలి నుంచి హారను వస్తుందేమో వినండి. పాటలు పెట్టుకుంటే అది వినబడదు.

మే ఎండలో ఎక్కేటప్పుడు ఉష్ణోగ్రత ముల్లు మీద ఒక కన్నేసి ఉంచండి. పైకి పోతుంటే ఏసీ ఆపేసి కిటికీలు దించుకోండి, పైన గాలి ఎలాగూ బాగుంటుంది. కూలెంటు నిండుగా ఉందో లేదో బయలుదేరేముందు ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. దారిలో పొగ వచ్చిందని వేడి మీద రేడియేటరు మూత తిప్పితే మొహం కాలుతుంది. అలాంటప్పుడు బండి పక్కకు తీసి, ఇంజను ఆపి, అరగంట కూర్చోవడమే మందు. పెట్రోలు నర్సీపట్నంలో నిండుగా పోయించుకోండి. పైన బంకులు లేవని కాదు, కరెంటు లేదనో సరుకు రాలేదనో అనే రోజులుంటాయి. నగదు కూడా కొంత దగ్గర పెట్టుకోండి, సిగ్నలు లేని చోట ఫోనుతో డబ్బు కట్టలేరు.

బాబు వాంతుల సంగతికి వస్తే, ఖాళీ కడుపుతో ఎక్కించకండి, కడుపు నిండా పెట్టి ఎక్కించకండి. రెండు ఇడ్లీలు చాలు, నూనె వస్తువులు వద్దు. వెనక సీటు మధ్యలో, ముందు అద్దంలోంచి దారి కనిపించేలా కూర్చోబెట్టి బెల్టు పెట్టండి. చేతిలో ఫోను ఉండకూడదు. ఘాట్‌లో పిల్లల కడుపు తిప్పేది మలుపుల కన్నా ఎక్కువగా ఆ ఫోనే. ప్రతి అరగంటకు ఒకసారి బండి ఆపి అయిదు నిమిషాలు నడిపించండి. మాత్ర వేయాలంటే ముందుగా మీ పిల్లల డాక్టరును అడగండి, వాంతి మొదలయ్యాక వేసిన మాత్ర పనిచేయదు. ఇక నడిపేవారి చేతిలో ఉన్న మందు, మలుపులోకి వచ్చాక బ్రేకు వేయకుండా మలుపుకు ముందే వేగం తగ్గించడం. వెనక కూర్చున్నవాళ్ళకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

పైకి చేరాక మొదటి రోజు ఏమీ పెట్టుకోకండి. భోజనం, నిద్ర. సాయంత్రం నాలుగున్నరకు తాజంగి జలాశయం దాకా వెళ్ళి రండి. చుట్టూ కొండలు, నీళ్ళు బాగా తగ్గి ఒడ్డున పశువులు మేస్తూ ఉంటాయి. లంబసింగిలో మీరు విన్న మంచు, స్ట్రాబెర్రీ తోటలు చలికాలపువి, మేలో వాటిని అడిగితే స్థానికులు నవ్వుతారు. అందుకు బదులుగా మీకు దొరికేది ఖాళీ. డిసెంబరు శని, ఆదివారాల్లో కార్లు ఒకదాని వెనక ఒకటి నిలిచిపోయే రోడ్డు మీద మేలో మీరు ఒక్కరే ఉంటారు. గది అద్దె కూడా తగ్గుతుంది, బేరం ఆడండి. గుడారాలు మాత్రం తీసుకోకండి. పగలు అవి కాలిపోతాయి, గాలివాన వస్తే ఎగిరిపోతాయి. పక్కా గది, దోమల వలలు, మంచినీళ్ళు, కరెంటు పోతే జనరేటరు ఉన్నాయో లేదో ముందే అడగండి. ఇది మలేరియా ఉన్న ప్రాంతం. వల, దోమల మందు రెండూ మీ సంచిలోనే ఉంచుకోండి.

రెండో రోజు ఈ యాత్రకు గుండెకాయ. అయిదున్నరకు లేచి చింతపల్లి వైపు, అక్కడి నుంచి ఆర్వీ నగర్ వైపు కాఫీ తోటల గుండా వెళ్ళండి. మేలో కాఫీ చెట్టు ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే దీన్ని ఎవరూ ఫొటో తీయరు. మార్చి, ఏప్రిల్‌లలో ఒక వాన పడుతుంది, దాన్ని పూతవాన అంటారు. అది పడిన కొద్ది రోజులకు కొమ్మ పొడవునా తెల్లటి పువ్వులు గుత్తులుగా విచ్చుకుంటాయి, మల్లెపూల వాసన వేస్తాయి, మూడు నాలుగు రోజుల్లో రాలిపోతాయి. మీరు వెళ్ళేసరికి పువ్వు ఉండదు. కొమ్మను దగ్గరగా చూస్తే ప్రతి ఆకు మొదట్లో గుండుసూది తలంత ఆకుపచ్చ పిందెలు గుంపుగా అంటుకుని ఉంటాయి. అవి పండి ఎర్రబడేది నవంబరు తర్వాతే. ఆ చెట్లకు నీడ కోసం సిల్వర్ ఓక్ చెట్లు నాటుతారు, వాటి మీదికి మిరియాల తీగ పాకిస్తారు. ఒకే ఎకరంలో పైన కలప, మధ్యలో మిరియం, కింద కాఫీ. పక్కా లెక్కల మనిషి వేసిన తోట అనిపిస్తుంది. ఈ తోటల్లో చాలావరకు గిరిజన రైతులవే. ఇక్కడి అరబికాకు 2019లో 'అరకు వ్యాలీ అరబికా' పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తోటలోకి దిగాలంటే యజమానిని అడగండి, అడిగితే కాదనరు. కొమ్మలు మాత్రం విరవకండి.

తొమ్మిదిన్నరకు గదికి తిరిగి రావాలి. పదకొండు నుంచి నాలుగు దాకా బయటికి కదలకూడదు. పిల్లవాడు విసిగిస్తాడు, అయినా సరే. మధ్యాహ్నం మూడు దాటాక పడమటి వైపు మబ్బు కడుతుందేమో చూస్తుండండి. ఏప్రిల్, మే నెలల్లో ఈ కొండల మీద మధ్యాహ్నం తర్వాత పిడుగులు, ఈదురుగాలులతో వానలు మామూలే. గంట కొట్టి వెళ్ళిపోతాయి. ఆ గంటలో రోడ్డు మీద ఉండకూడదు, కొమ్మలు విరిగిపడతాయి, ఎండి ఉన్న మట్టి ఒక్కసారిగా జారుడవుతుంది. చెట్టు కింద బండి పెట్టకూడదు. వాన వెలిశాక అరగంట ఆగి బయటికి వచ్చి చూడండి. తడిసిన నేల ఆవిరి, కడిగిన ఆకులు, చల్లటి గాలి. మన్యంలో వేసవిని మెచ్చుకునేవాళ్ళంతా మెచ్చుకునేది ఆ రెండు గంటలనే.

మూడో రోజు పొద్దున అయిదున్నరకు చింతపల్లి నుంచి పాడేరు. దారిలో జి.మాడుగుల ప్రాంతంలో కొత్తపల్లి జలపాతం ఉంది. వేసవిలో ధార సన్నబడుతుంది కానీ కొంత నీరు ఉంటుంది. మెట్లు దిగాలి కాబట్టి అమ్మగారు పైనే కూర్చోవాలి. ఎక్కడైనా సరే, నీళ్ళు తక్కువగా ఉన్నాయని బాబును గుంటల్లోకి వదలకండి. రాళ్ళ మీది పాచికి వేసవి, వానాకాలం తేడా లేదు. డుంబ్రిగూడ దగ్గర చాపరాయి చూడ్డానికి పిల్లలు ఆడుకునే చోటులా కనిపిస్తుంది, అక్కడా ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. చీలమండ దాకా నీళ్ళు, చేయి పట్టుకుని. అంతే.

పాడేరు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రం. ఆసుపత్రి, మందుల దుకాణాలు, బ్యాంకులు అన్నీ ఉన్నాయి, ఏదైనా తక్కువైతే ఇక్కడే కొనుక్కోండి. మీ తేదీలకు సంబంధించి ముఖ్యమైన విషయం: పాడేరు మోదకొండమ్మ జాతర మే నెలలోనే మూడు రోజులు జరుగుతుంది. ఆ మూడు రోజులూ ఊళ్ళో గది దొరకదు, ఘాట్ రోడ్డంతా బండ్లే. జాతర చూడాలనే కోరిక ఉంటే అదొక గొప్ప అనుభవం, మోకాళ్ళ నొప్పులున్న మనిషితో మాత్రం కాదు. ఆ ఏటి తేదీలు చూసుకుని, మీ ప్రయాణం వారం ముందుకో వెనక్కో జరపండి.

మీరు కాక ఇంకెవరైనా ఇది చదివి చైత్రమాసంలో బయలుదేరితే వేరే పండగ ఎదురవుతుంది. గిరిజనుల ఇటుకల పండగ రోజుల్లో మగవాళ్ళు వేటకు పోతారు, ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా కర్రో దుంగో పెట్టి, పాటలు పాడుతూ బండ్లు ఆపి డబ్బులు అడుగుతారు. మొదటిసారి చూసినవాళ్ళు భయపడి కారు అద్దాలు ఎక్కించేస్తారు. భయపడాల్సింది ఏమీ లేదు, అది పండగ మామూలు. పది, ఇరవై రూపాయల చిల్లర నోట్లు దగ్గర పెట్టుకుని, నవ్వుతూ ఇచ్చి సాగిపోండి. ప్రతి ఊరి దగ్గరా ఆపుతారు, కాబట్టి నోట్లు కాస్త ఎక్కువే ఉంచుకోండి.

పాడేరు నుంచి అరకు సుమారు 45 కిలోమీటర్లు. ఇక్కడ కొండలు వెనక్కి జరిగి, మధ్యలో పొలాలు పరుచుకుంటాయి. మేలో పొలాలు దున్ని ఎర్రగా ఉంటాయి. సంత రోజైతే దారి పక్కన కావిళ్ళతో, తలల మీద బుట్టలతో నడిచిపోయే జనం కనిపిస్తారు. అరకు సంత శుక్రవారం. వేసవి సంతలో పనసకాయలు, చింతపండు, అడ్డాకుల కట్టలు, కొండచీపుళ్ళు చూడండి. అక్కడి పిప్పళ్ళు, పసుపు మంచివి. మనుషులను అడగకుండా ఫొటోలు తీయకండి, ముఖ్యంగా ముక్కుపుడకలు పెట్టుకున్న ముసలమ్మలను. ఎవరో వచ్చి ముఖం మీద కెమెరా పెడితే మన అమ్మకైనా నచ్చదు.

అరకులో రాత్రి ఉండమని నేను చెప్పను. అది విశాఖ నుంచి 115 కిలోమీటర్లే, శని, ఆదివారాల్లో వేసవిలో కూడా నగరం మొత్తం అక్కడే ఉన్నట్టుంటుంది. మీరు తప్పించుకోవాలనుకున్నదే ఎదురొస్తుంది. పది, పదకొండింటికి చేరి, ఎండపొద్దు గిరిజన మ్యూజియంలో గడిపి, భోజనం చేసి, మూడున్నరకు కదలండి. సుంకరిమెట్ట దగ్గర కాఫీ తోటలో అటవీశాఖ కట్టిన చెక్క వంతెన బాబుకు నచ్చుతుంది. గాలికొండ దగ్గర ఆగితే లోయ మొత్తం కిందుగా కనిపిస్తుంది, అమ్మగారు కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు. అక్కడి నుంచి అనంతగిరి దగ్గరే. పర్యాటక శాఖ వారి హరిత విడిది ఉంది, ప్రైవేటు గదులూ ఉన్నాయి. చీకటి పడకముందే గదిలో ఉండండి. రాత్రిపూట ఘాట్‌లో ప్రయాణం ఈ యాత్ర మొత్తంలో ఎక్కడా వద్దు.

ఇక తిండి సంగతి. బొంగులో చికెన్ మారేడుమిల్లిలోనే తినాలని లేదు, అనంతగిరి, బొర్రా పరిసరాల్లోనూ రోడ్డు పక్కన కాలుస్తారు. అయితే ముందే కాల్చిపెట్టిన బొంగు కొనకండి. పచ్చి వెదురు బొంగు మీ ముందే కోసి, ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చాలి. నూనె చుక్క వేయరు. బొంగు పచ్చిదైతే దాని గోడల్లోని తేమే ముక్కను ఉడికిస్తుంది, ఆకుల సందుల్లోంచి ఆవిరి బుసబుస వస్తుంది. ఎండుబొంగైతే ఆవిరి రాదు, బయట మాడి లోపల ముక్క గట్టిగా ఉంటుంది. ముప్పావుగంట పడుతుంది, కాబట్టి ఆకలి వేయకముందే చెప్పాలి. జీలుగు కల్లు కూడా చూపిస్తారు. బండి నడిపేవారు దాని వైపు చూడకండి.

నాలుగో రోజు బొర్రా గుహలు మీ ఇష్టం. లోపల మెట్లు చాలా, తడిగా ఉంటాయి, అమ్మగారికి కష్టం. వెళ్ళేట్టయితే ఒకరు ఆమెతో బయట నీడలో ఉండి, మరొకరు బాబును తీసుకెళ్ళండి. బయట కోతులుంటాయి, చేతిలో తినుబండారాలు ఉంచుకోకండి. నా మాట వింటే గుహలు వదిలేసి పొద్దున ఆరింటికే దిగడం మొదలుపెట్టండి. అనంతగిరి నుంచి శృంగవరపుకోట దాకా దిగుడు దారి, ఆ పొద్దుటి వెలుగులో మీరు డబ్బిచ్చి చూసే ఏ చోటుకూ తీసిపోదు.

దిగేదారిలో చెక్‌పోస్టుల దగ్గర పోలీసులు కారు ఆపి డిక్కీ తెరిపిస్తారు. గంజాయి కోసం. ఇది రోజూ జరిగేదే, చిరాకు పడకుండా తెరిచి చూపించండి. పైన ఎవరైనా 'ఈ సంచి కాస్త కింద మావాళ్ళకు ఇవ్వండి' అంటే ఎంత మంచివారిలా కనిపించినా తీసుకోవద్దు. దారిలో ముక్కూమొహం తెలియనివారిని ఎక్కించుకోవద్దు.

శృంగవరపుకోటలో టిఫిను చేసి, కొత్తవలస మీదుగా పెందుర్తి చేరండి. అక్కడ ఆనందపురం నుంచి అనకాపల్లి వెళ్ళే ఆరు వరసల రహదారి తగులుతుంది, విశాఖలో అడుగు పెట్టకుండానే సబ్బవరం మీదుగా అనకాపల్లి తేలతారు. అక్కడి నుంచి ఇంటిదాకా హైవే, పదకొండు దాటితే నిప్పులే. కొండ దిగిన వెంటనే టైర్లు వేడిగా ఉంటాయి, అప్పుడు గాలి చూపిస్తే ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. అది చూసి గాలి తీయించకండి, చల్లబడ్డాక తక్కువైపోతుంది. తుని దగ్గర మామిడిపళ్ళ కోసం ఎలాగూ ఆగుతారు. దోరకాయలు తీసుకుని, డిక్కీలో కాకుండా కాళ్ళ దగ్గర ఏసీ తగిలేచోట పెట్టండి. డిక్కీ వేడికి ఇల్లు చేరేలోపే మెత్తబడిపోతాయి.